లావెన్‌హామ్: ఉన్ని సొమ్ముతో కట్టిన ఊరు

ఇంగ్లండ్‌లో పాత ఇళ్లు చూడాలంటే మనవాళ్లు ఎక్కువగా కాట్స్‌వోల్డ్స్‌కే వెళ్తారు. నన్ను అడిగితే సఫోక్ కౌంటీలోని లావెన్‌హామ్ వెళ్లమంటాను, వీలైతే రాత్రి కూడా అక్కడే ఉండమంటాను. వీధులన్నీ ఒక్క పూటలో తిరిగేయొచ్చు. కానీ ఈ ఇళ్లు ఎవరు కట్టారో, తర్వాత వాటిలో ఎవరు బతికారో తెలియకుండా ఫోటోలు తీసుకుని వెళ్లిపోతే చూడాల్సింది చూడనట్టే.

15, 16 శతాబ్దాల్లో ఊరంతా ఉన్ని మీదే బతికింది. ఇక్కడి పేరుపడ్డ సరుకు నీలి బనాతు, అంటే మందమైన ఉన్ని బట్ట. ఉన్నిని వడకకముందే వోడ్ అనే మొక్క ఆకుల రంగులో ముంచేవాళ్లు. వ్యాపారులు ఉన్ని కొని, వడికేవాళ్లకూ నేసేవాళ్లకూ పంచి, తయారైన బట్ట అమ్ముకునేవాళ్లు. వాళ్లలో అందరికన్నా పెద్ద చెయ్యి స్ప్రింగ్ కుటుంబానిది. 1523లో చనిపోయిన మూడో థామస్ స్ప్రింగ్ బట్టల మీద సంపాదించింది భూముల్లో పెట్టి, చుట్టుపక్కల ఎస్టేట్లు ఎన్నో కొన్నాడు. 1524లో ఈ చిన్న ఊరు యార్క్, లింకన్ నగరాలకన్నా ఎక్కువ పన్ను కట్టింది.

మరుసటి ఏడాదే ఎనిమిదో హెన్రీ ఫ్రాన్స్‌తో యుద్ధానికని ఇంకో పన్ను అడిగాడు. అది కడితే పని ఇవ్వలేమని యజమానులు చేతులెత్తేశారు. పని పోయిన నేతగాళ్లు, కూలీలు వేలమంది లావెన్‌హామ్‌లో పోగై తిరగబడ్డారు. చివరికి రాజే ఆ పన్ను వదులుకున్నాడు. మార్కెట్ ప్లేస్‌లో నిలబడితే నాకు స్ప్రింగ్‌లకన్నా ముందు వీళ్లే గుర్తొస్తారు.

ఆ తర్వాత కోల్చెస్టర్‌లో స్థిరపడ్డ డచ్ శరణార్థులు తేలికైన, చౌకైన బట్ట నేయడం మొదలుపెట్టారు. బరువైన బనాతుకు గిరాకీ పడిపోయింది. డబ్బున్న ఊళ్లు పాత ఇళ్లు పడగొట్టి ఇటుకతో కొత్తవి కట్టుకున్నాయి. ఇక్కడివాళ్లకు ఆ స్తోమత లేక ఉన్నవాటిలోనే సర్దుకున్నారు. అందువల్లే 300కు పైగా పాత కట్టడాలు మిగిలాయి. పచ్చి ఓక్ కలపతో చట్రం బిగించి, మన పల్లెల్లోలాగే తడికకు మట్టి మెత్తి గోడలు లేపారు. కలప ఎండేకొద్దీ మెలితిరిగి ఇళ్లు పక్కకు ఒరిగాయి. హై స్ట్రీట్‌లోని నారింజ రంగు క్రుకెడ్ హౌస్ ముందు ఎప్పుడూ సెల్ఫీల గుంపే. దానికన్నా వాటర్ స్ట్రీట్ నాకు నచ్చింది. అక్కడి వ్యాపారులు దాదాపు 1500 ప్రాంతంలో వాగును ఇటుక కాలువలో బంధించి వీధి కిందుగా పారించారు.

లోపలికి వెళ్లి చూడదగ్గవి రెండు. 1529 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాల్ ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఒక మత సంఘం గొప్పగా కట్టుకున్న ఈ భవనం తర్వాత జైలైంది, పేదలచేత పని చేయించే వర్క్‌హౌస్ కూడా అయింది. వివరాలు బాగా పెట్టారు, కానీ మ్యూజియంలో తిరిగినట్టే ఉంటుంది. దాని దగ్గర్లోనే ఉన్న లిటిల్ హాల్ మాత్రం ఇల్లులాగే ఉంది. 1390లలో కాస్టన్ అనే బట్టల వ్యాపారుల కుటుంబం కట్టింది. ఊరు చితికిపోయాక అదే ఇంటిని ముక్కలు చేసి పేద కుటుంబాలకు అద్దెకిచ్చారు. 20వ శతాబ్దంలో గేయర్-ఆండర్సన్ అనే కవల సోదరులు కొని, ఓపిగ్గా బాగుచేసి, తూర్పు దేశాల్లో సేకరించిన వస్తువులతో నింపారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు కంచు పిల్లి ఈ సోదరుల్లో ఒకరిదే. ఒకే కప్పు కింద మూడు రకాల బతుకులు కనిపిస్తాయి. ఒక్కటే చూసే వీలుంటే లిటిల్ హాలే చూడండి.

141 అడుగుల చర్చి శిఖరం ఎటునుంచైనా కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ అనే ప్రభు బిరుదున్న డి వేర్‌లు ఊరి భూస్వాములు. వాళ్ల వంశ చిహ్నమైన నక్షత్రం, స్ప్రింగ్‌ల వ్యాపార గుర్తులు రెండూ చర్చి రాతి మీద ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన హోదాకు పక్కనే మగ్గం డబ్బు నిలబడింది.

బస విషయానికొస్తే, స్వాన్ హోటల్ పాత ఇళ్లను కలిపి చేసింది. ఖరీదైనదే, కానీ గది తీసుకోకపోయినా బార్ చూడొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడున్న అమెరికన్ వైమానికులు గోడ మీద పెట్టిన సంతకాలు ఇంకా ఉన్నాయి. ఆల్ఫెటన్ దగ్గర పొలాల్లో వాళ్లకు రన్‌వేలు వేశారు, 487వ బాంబ్ గ్రూప్ అక్కడినుంచే ఎగిరింది. యుద్ధం ముగిశాక ఆ నేలలో చాలాభాగం మళ్లీ సాగులోకి వచ్చింది.

మేము దిగింది ఒక చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో. గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ ఆప్యాయంగా పలకరించింది. కానీ మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి. ఈ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఎక్కడానికి చాలా ఇబ్బంది పడ్డారు. పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తు గది ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. శాకాహారులకు రాత్రి భోజనంలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, అదీ త్వరగానే మూసేస్తారు. దగ్గర్లోని పెద్ద పట్టణం బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో దిగితే హోటళ్లు, తిండి అన్నీ సులువే. అయినా నా ఓటు లావెన్‌హామ్‌కే. సాయంత్రం కార్లు వెళ్లిపోయాక వీధులు ఖాళీ అవుతాయి, అప్పుడు ఒక్కో ఇంటి ముందూ తీరిగ్గా నిలబడి చూడొచ్చు.

కారు ఉంటే దగ్గర్లోనే ఉన్న లాంగ్ మెల్‌ఫర్డ్‌కు కూడా వెళ్లండి. అక్కడ క్లాప్టన్ కుటుంబం కట్టిన కెంట్‌వెల్ హాల్ చుట్టూ కందకంతో ఉంటుంది. పిల్లలకు అక్కడి పశువులు, తోటలు బాగా నచ్చుతాయి. కారు లేకపోతే లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి మార్క్స్ టేలో రైలు మారి సడ్‌బరీలో దిగి, అక్కడినుంచి బస్సు పట్టుకోవాలి. లావెన్‌హామ్‌కు రైలు 1960లలోనే ఆగిపోయింది. బస్సులు తక్కువ, అందుకే తిరుగు బస్సు టైమింగ్ ముందే రాసుకోండి. లిటిల్ హాల్‌ను వాలంటీర్లు నడుపుతారు, చలికాలంలో మూసి ఉంటుంది. ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకున్నాకే టికెట్లు కొనండి.