జావా డేట్‌టైమ్‌ఫార్మాటర్: ఏళ్ల తరబడి వాడాక

బిల్లు మీద తేదీ తప్పు పడితే కింద లెక్కంతా సరిగ్గా ఉన్నా ఎవరూ నమ్మరు. అందుకే 2014లో జావా ప్రోగ్రామింగ్ భాష 8వ వెర్షన్‌తో వచ్చిన, తేదీలను మనకు కావలసిన రూపంలో రాసిపెట్టే డేట్‌టైమ్‌ఫార్మాటర్ అంటే నాకు అంత గురి.

దీనికి ముందున్న సింపుల్‌డేట్‌ఫార్మాట్ తనలోని ఒకే క్యాలెండర్‌ను ప్రతిసారీ మార్చుకుంటూ పనిచేసేది. రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి దాన్ని వాడితే ఒకరి తేదీ మరొకరి రసీదులోకి వచ్చేది. పరీక్షల్లో ఈ దోషం దాదాపు దొరకదు, రద్దీ వేళల్లోనే బయటపడుతుంది. కొత్త ఫార్మాటర్ ఒకసారి తయారయ్యాక మారదు కాబట్టి ప్రోగ్రామ్ అంతటికీ ఒక్కటి చాలు. పాతదాన్ని వదిలేయడానికి ఈ ఒక్క గుణం చాలు.

తేదీ ఏ రూపంలో రావాలో చెప్పే ప్యాటర్న్ అక్షరాల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పెద్ద ఎమ్ నెల, చిన్న ఎమ్ నిమిషం. ఇది త్వరగానే అలవాటవుతుంది. అసలు ప్రమాదం పెద్ద వై. అది వారాల లెక్కన నడిచే సంవత్సరం. అమెరికా లొకేల్‌లో (అంటే ఆ దేశపు భాష, తేదీ పద్ధతుల అమరికలో) 2024 డిసెంబర్ 29ని దానితో రాయిస్తే సంవత్సరం 2025 అని వస్తుంది. ఆ ఆదివారం మొదలైన వారంలోనే జనవరి 1 ఉంది మరి! ఏడాదంతా నిక్షేపంలా నడిచి చివరి వారంలో దెబ్బ కొడుతుంది. ఎవరి కోడ్ చూసినా నేను ముందు వెతికేది ఈ అక్షరాన్నే.

పెద్ద డి సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతుంది. రెండు పెద్ద డీలు రాస్తే, జావా 8లో లీపు కాని ఏడాదిలో ఏప్రిల్ 10 నుంచి ఎర్రర్ వచ్చేది, ఎందుకంటే అది వందో రోజు, రెండంకెల్లో పట్టదు. పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ మూడంకెలు అచ్చువేసి ఊరుకునేది, జావా 9 నుంచి కొత్తదీ అంతే. నాకు ఎర్రరే నయం.

తెలుగు నెలల పేర్లు బాగానే వస్తాయి. పూర్తి శైలి అడిగితే మాత్రం ‘15, ఆగస్టు 2025, శుక్రవారం’ అంటుంది. ఆ మొదటి కామా నాకు నచ్చదు. సొంత ప్యాటర్న్‌తో ‘2025 ఆగస్టు 15, శుక్రవారం’ అని రాయిస్తాను. లొకేల్ ఎప్పుడూ చేత్తో ఇవ్వండి, లేకపోతే సర్వర్‌లో ఏది ఉంటే అదే పడుతుంది.

ఈ పేర్లు, శైలులు యూనికోడ్ సంస్థ వారి సీఎల్‌డీఆర్ అనే భాషల సమాచార భాండాగారం నుంచి వస్తాయి, అవి మారుతుంటాయి. జావా 16లో బ్రిటిష్ ఇంగ్లీషు సెప్టెంబర్ పొట్టి పేరుకు చివర ఒక ‘టీ’ అక్షరం చేరింది. జావా 20లో ఏఎమ్, పీఎమ్‌ల ముందున్న ఖాళీ వేరే రకం ఖాళీగా మారి, పాత పాఠాన్ని తిరిగి చదివే కోడ్ ఆగిపోయింది. కాబట్టి మనుషులు చదివేదానికే లొకేల్ శైలి వాడండి. సిస్టమ్‌ల మధ్య తిరిగే ఫైళ్లలో తేదీ ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం రూపంలో, 2025-08-15లా ఉండాలి.