నాస్ బాక్స్‌తో పాటు అంటగట్టే "ఎర్రర్ ఫిక్స్" ప్యాకేజీ కొనకండి

టీమ్ కోడ్ అంతా ఒకేచోట ఉండాలని నాస్ బాక్స్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే స్టోరేజ్ పెట్టె) కొంటున్న చిన్న ఆఫీసుల కోసం ఇది రాస్తున్నాను. బాక్స్‌తో పాటు సపోర్ట్ ప్యాకేజీ అంటే వద్దని చెప్పండి. ఇప్పటికే కట్టేసి ఉంటే, వాళ్లు మీ సిస్టమ్‌లలో ఏం మార్చి వెళ్లారో ఈరోజే చూసుకోండి.

గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్) రిపాజిటరీని, అంటే కోడ్, దాని చరిత్ర ఉండే ఫోల్డర్‌ని, నాస్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, అందరూ అక్కడే నేరుగా పని చేసుకోవచ్చని మాకు చెప్పింది, సెట్ చేసింది అమ్మినవాళ్లే. తీరా ఏ గిట్ కమాండ్ కొట్టినా "ఫేటల్: డిటెక్టెడ్ డ్యూబియస్ ఓనర్‌షిప్" (ఫోల్డర్ ఓనర్ విషయం అనుమానంగా ఉంది) అని ఆగిపోయేది. ఫోన్ చేస్తే ప్యాకేజీలో ఉన్నవాళ్లకే చూస్తాం, సిస్టమ్‌కి ఇంత అన్నారు. డబ్బు కట్టాక రిమోట్‌లో వచ్చి, ప్రతి సిస్టమ్‌లో ఒకే లైన్ కొట్టారు: సేఫ్.డైరెక్టరీ (ఓనర్ వేరైనా ఏ ఫోల్డర్‌ని నమ్మాలో గిట్‌కి చెప్పే సెట్టింగ్), దాని పక్కన నక్షత్రం గుర్తు. షేర్‌కి 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' ఇచ్చేశారు. ఎర్రర్ పోయింది, కానీ అది రిపేరు కాదు.

ఫోల్డర్ ఓనర్ వేరు, కమాండ్ కొట్టే యూజర్ వేరు అయితే గిట్ ఆగిపోతుంది. 2022 ఏప్రిల్‌లో 2.35.2 వెర్షన్‌తో ఈ తనిఖీ తెచ్చారు. నాస్‌లోని ఫైలుకి ఓనర్ నాస్ అకౌంట్, మీ విండోస్ అకౌంట్ కాదు. అందుకే ఆ మెసేజ్. బాక్స్ పాడవలేదు, కొనాల్సింది ఏమీ లేదు.

నక్షత్రం పెడితే ఆ తనిఖీ మొత్తం ఆగిపోతుంది, ఆ ఒక్క ఫోల్డర్‌కే కాదు. పైగా అందరికీ ఫుల్ కంట్రోల్. ఆ షేర్‌లోకి రాగలిగే ఎవరైనా రిపాజిటరీ కాన్ఫిగ్‌లో (దాని సెట్టింగ్‌ల ఫైలులో) 'కోర్.ఎఫ్ఎస్‌మానిటర్' లైన్, అంటే గిట్ తనంతట తానే నడిపే ప్రోగ్రామ్ పేరు, రాస్తే చాలు, మీరు గిట్ స్టేటస్ కొట్టగానే వాళ్ల ప్రోగ్రామ్ మీ అకౌంట్‌తో నడుస్తుంది. వీఎస్ కోడ్ లాంటి కోడ్ ఎడిటర్లు ఫోల్డర్ తెరవగానే గిట్‌ని వాటంతట అవే నడుపుతాయి కాబట్టి మీరు కమాండ్ కొట్టక్కర్లేదు కూడా. ఇది తెలిశాక నాకు నిజంగా భయమేసింది. డబ్బు తీసుకుని ఇంటి తాళం ఊడబీకి వెళ్లినట్టుంది వాళ్ల పని.

ప్రతి సిస్టమ్‌లో 'గిట్ కాన్ఫిగ్ --గెట్-ఆల్ సేఫ్.డైరెక్టరీ' కొట్టి చూడండి. గ్లోబల్‌లో (మీ అకౌంట్ సెట్టింగ్‌లు) ఒకసారి, సిస్టమ్ లెవెల్‌లో (ఆ కంప్యూటర్‌లో అందరికీ వర్తించేవి) ఒకసారి. నక్షత్రం కనిపిస్తే తీసేయండి. అర్జంటుగా పని నడవాలంటే ఆ ఒక్క రిపాజిటరీ పాత్ మాత్రమే చేర్చండి. చేర్చాల్సిన లైన్ ఆ ఎర్రర్ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. అయితే అక్కడ రాసే పర్మిషన్ ఉన్నవాళ్లందరినీ మీరు నమ్ముతున్నట్టే, అది గుర్తుంచుకోండి. లినక్స్‌లో షేర్‌ని మౌంట్ చేసేవాళ్లు మౌంట్ ఆప్షన్లలో తమ యూఐడీ (యూజర్ నంబరు) ఇస్తే చాలావరకు సరిపోతుంది.

అసలు పద్ధతి వేరే ఉంది. నాస్‌లో బేర్ రిపాజిటరీ (పని చేసే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) పెట్టి, ఒకే గిట్ అకౌంట్‌ని దాని ఓనర్‌గా ఉంచి, ఒక్కొక్కరి ఎస్ఎస్‌హెచ్ కీ (సురక్షితంగా లాగిన్ అయ్యే డిజిటల్ తాళంచెవి) ఆ అకౌంట్‌కి చేర్చండి. ఎవరి సిస్టమ్‌లో వాళ్లు క్లోన్ (సొంత కాపీ) చేసుకుని పని చేస్తారు. ఫోల్డర్ వాళ్లదే కాబట్టి ఈ ఎర్రరే రాదు. కొనేముందు బాక్స్‌లో ఎస్ఎస్‌హెచ్ ఉందా, గిట్ ఇన్‌స్టాల్ అవుతుందా అని అడిగి, ఆ జవాబు కొటేషన్‌లోనే రాయించుకోండి.