కాలేజీ లైబ్రరీ వీడియో సర్వర్: గేటు దాటనంతవరకు బాగుంటుంది

గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. మా లైబ్రరీ వీడియో సర్వీసును కొన్నేళ్లుగా వాడుతున్నాను. అందులో ఉన్నవి రెండు: కాలేజీ సర్వర్‌లో పెట్టిన ఎన్‌పీటీఈఎల్ అనే ప్రాజెక్టు వారి వీడియో పాఠాలు, ఏటా చందా కట్టే విదేశీ వీడియో డేటాబేస్.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి కదా, మళ్లీ సర్వర్ దండగ కాదా అని మా స్టాఫ్‌రూమ్‌లోనే అంటుంటారు. లెక్క వేసి చూడండి. ఒక్కో వీడియోకి సెకనుకు 2 మెగాబిట్లు అనుకుంటే, ల్యాబ్‌లో 60 మంది ఒకేసారి పెడితే 120 మెగాబిట్లు. అదంతా బయటి ఇంటర్నెట్ లైను మీద పడితే ఆఫీసులో ఫీజు రసీదు కూడా కదలదు. సర్వర్ లోపలే ఉంటే ఆ లైను జోలికే పోదు. నెట్ పోయిన రోజున కూడా మా క్లాసు నడిచింది.

వెతకడం మాత్రం పెద్ద టెన్షన్. ఫైళ్లకు 'లెక్చర్ 14' అని పేరు పెట్టి వదిలేశారు. ట్రాన్స్‌ఫార్మర్ అని కొడితే ఏమీ రాదు. ప్రతి పుస్తకానికీ రచయిత, విషయం, నంబరు రాసుకునే లైబ్రరీకి వీడియో దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయిందో!

గేటు దాటితే సర్వర్ లేనట్టే. విజయవాడ నుంచి రైల్లో వచ్చే పిల్లలు దారిలో ఒక్క పాఠం చూడలేరు. డేటాబేస్ అయితే కాలేజీ ఐపీ అడ్రసును, అంటే ఇంటర్నెట్‌లో మా కాలేజీ చిరునామాను, గుర్తుపట్టి రానిస్తుంది. ఇంటి నుంచైతే ప్రాక్సీ లాగిన్, అంటే కాలేజీ మీదుగా లోపలికి పోయే లాగిన్, కావాలి. పాఠం సగంలో ఉండగా సెషన్ అయిపోయిందంటుంది, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి.

అయినా ఆ డేటాబేస్‌లో ఒక సుగుణం ఉంది. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ రకరకాల క్వాలిటీల్లో ఉంచుతారు. సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారుతుంది గానీ మాట ఆగదు. మా సర్వర్‌లో ఉన్నవన్నీ ఒకే క్వాలిటీ ఎంపీ4 ఫైళ్లు. హాస్టల్ చివరి గదిలో వైఫై నీరసిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది.

ఐదుకు మూడు ఇస్తాను. లైబ్రరీ కమిటీ నన్నడిగితే డేటాబేస్ చందా కొంత తగ్గించి, ఆ డబ్బుతో మన ఫైళ్లనూ ముక్కల పద్ధతిలోకి మార్పించి, పాఠాల పేర్లు రాయించమంటాను. ఆ చందాలో వచ్చే ల్యాబ్ ప్రయోగాల వీడియోల ప్యాకేజీ మాత్రం తీసెయ్యొద్దు, బయోటెక్ వాళ్లు ఊరుకోరు.