ట్యాలీ కొత్త కంప్యూటర్‌లోకి: ఫోల్డర్ కాపీయా, బ్యాకప్పా, క్లోనా, క్లౌడా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ తప్పనిసరి కాబట్టి షాపుల్లో ఉన్న పాత సిస్టమ్‌లు చాలావాటిలో అది ఎక్కదు. దాంతో కౌంటర్ మీద కంప్యూటర్ మార్చక తప్పని పరిస్థితి. కొత్తది కొనగానే యజమానికి పట్టుకునే టెన్షన్ ఒక్కటే: లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఉన్న ఇన్నేళ్ల లెక్కలు భద్రంగా వస్తాయా?

నేను షాపుల లెక్కలు రాసేవాణ్ణి. నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క కంప్యూటర్ మీద నడిచే షాపుకి ట్యాలీలోనే ఉన్న బ్యాకప్, రిస్టోర్ దారి (డేటా నకలు తీసి, కొత్తచోట తిరిగి దించుకోవడం) అన్నిటికంటే మేలు. మిగతావి ఎందుకు కావో, ఎవరికైతే అవి సరిపోతాయో చూద్దాం.

ఎక్కువమంది చేసేది ఫోల్డర్ కాపీ. ట్యాలీప్రైమ్ (ట్యాలీ ఇప్పటి రూపం) డేటాను మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, ట్యాలీప్రైమ్, డేటా అనే ఫోల్డర్ల వరసలో పెడుతుంది. అందులో ప్రతి కంపెనీకీ (ట్యాలీలో ఒక్కో లెక్కల సెట్‌ని కంపెనీ అంటారు) ఒక నంబరు పేరుతో ఫోల్డర్ ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదాంట్లో అతికిస్తే కంపెనీ తెరుచుకుంటుంది. పని నిమిషాల్లో అయిపోతుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ట్యాలీ తెరిచి ఉండగా కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు సగం సగం రావచ్చు, ఆ సంగతి నెల తర్వాత ఏదో రిపోర్ట్ తీసేటప్పుడు బయటపడుతుంది. రెండోది ఇంకా చెడ్డది. కొత్త సిస్టమ్‌లో ఎవరైనా సరదాకి ఒక కంపెనీ తయారుచేసి చూశారనుకోండి, దానికీ మీ అసలు కంపెనీ నంబరే పడి ఉండొచ్చు. విండోస్ "రీప్లేస్ చేయనా?" అని అడుగుతుంది. అక్కడ తొందరపడి అవునంటే రెండు కంపెనీల ఫైళ్లూ కలిసిపోతాయి.

బ్యాకప్ దారిలో పని ట్యాలీ చేతిలోనే ఉంటుంది. ఏ కంపెనీ కావాలో పేరుతో ఎంచుకుంటాం, ఏ ఫైలు ఎక్కడుందో వెతుక్కునే పని లేదు. కొత్త సిస్టమ్‌లో డేటా ఎక్కడ ఉండాలో మనమే చెప్పి రిస్టోర్ చేస్తాం. ఆ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో అలాగే ఉంటుంది కాబట్టి ఏదైనా తేడా వస్తే మళ్లీ మొదటినుంచి చేసుకోవచ్చు. నాకు ఇందులో నచ్చే గుణం అదే.

అయితే ఒక జాగ్రత్త తప్పదు. కొత్త కంప్యూటర్‌లో ముందుగా పాతదాంట్లో ఉన్న రిలీజ్‌నే, అంటే అదే వెర్షన్‌నే ఎక్కించండి. ట్యాలీప్రైమ్ 3.0 నుంచి డేటా రూపం మారింది. పాత రిలీజ్‌లోని కంపెనీని ఒకసారి అందులోకి మార్చాక, తిరిగి పాత రిలీజ్‌లో తెరవలేం. కొత్త రిలీజ్‌లు వాడాలంటే టీఎస్ఎస్ (ట్యాలీకి కట్టే సబ్‌స్క్రిప్షన్) రెన్యువల్ కూడా ఉండాలి. రెన్యువల్ లేకుండా నెట్‌లో కనిపించిన తాజాది ఎక్కిస్తే లైసెన్స్ దగ్గరా, డేటా దగ్గరా రెండు చోట్లా ఇరుక్కుంటారు. ముందు ఇల్లు మారండి, రంగులు తర్వాత వేయించుకోవచ్చు.

కంపెనీకి ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ (డేటాకి తాళం వేసేది) పెట్టి ఉంటే, అది తెలియకుండా ఏ దారిలో మార్చినా లాభం లేదు. డేటా వస్తుంది, కానీ తెరుచుకోదు. పాస్‌వర్డ్ పాత అకౌంటెంట్‌కి మాత్రమే తెలిసిన షాపులు ఎన్నో ఉన్నాయి. ఆయనకి ఫోన్ చేయాల్సింది కంప్యూటర్ మార్చక ముందే.

క్లోన్ అంటే పాత హార్డ్‌డిస్క్ మొత్తాన్ని యథాతథంగా కొత్త ఎస్ఎస్‌డీలోకి దించేయడం. సర్వీస్ కుర్రాళ్లు దీన్నే సూచిస్తారు: "అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి సార్." పాత మెషీన్‌లోనే డిస్క్ మారుస్తుంటే ఇది మంచి పద్ధతే. మెషీనే మారితే మాత్రం ఆ మాట నిలబడదు. ట్యాలీ లైసెన్స్ ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంటుంది, కొత్తదాంట్లో అది చెల్లక ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళుతుంది. ఆ మోడ్‌లో నెలలో కొన్ని తేదీల మీద తప్ప వోచర్లు (లెక్కల ఎంట్రీలు) వేయనివ్వదు. పాత డ్రైవర్లు, ఏళ్లుగా పేరుకున్న చెత్త కూడా వెంటే వస్తాయి. పైగా పాత విండోస్ 10ని కొత్త మెషీన్‌లోకి మోసుకెళితే కొత్తది కొన్న ప్రయోజనం ఏముంది?

క్లౌడ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. గోడౌన్ ఒక చోట, షాపు ఒక చోట ఉండి రెండు చోట్లా బిల్లింగ్ జరుగుతుంటే, లేదా ఊరు వెళ్లినా యజమాని లెక్కలు చూసుకోవాలంటే, అద్దెకు తీసుకున్న సర్వర్ మీద ట్యాలీ నడపడం పనికొచ్చే ఏర్పాటే. కౌంటర్‌లో కంప్యూటర్ పాడైనా లెక్కలకి ఏమీ కాదు. కాకపోతే నెలనెలా అద్దె కట్టాలి, నెట్ పోతే బిల్లు ఆగుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద రోజంతా బిల్లులు కొట్టే షాపు అయితే, ప్రింటింగ్ ఎలా వస్తుందో కళ్లారా చూశాకే ఒప్పుకోండి.

డేటా కంటే ఎక్కువమందిని ఏడిపించేది లైసెన్స్. పాత కంప్యూటర్‌లో నెట్ ఉండగా లైసెన్స్ సరెండర్ చేయాలి, అంటే ఆ మెషీన్ నుంచి విడిపించాలి, ఆ తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. సరెండర్ చేయకుండా పాతదాన్ని ఫార్మాట్ కొట్టించినా, అది ముందే చచ్చిపోయినా రీయాక్టివేట్ చేసుకునే వీలుంది. కానీ దానికి లైసెన్స్‌కి రిజిస్టర్ అయిన మెయిల్ మన చేతిలో ఉండాలి. చాలా చోట్ల ఆ మెయిల్ అమ్మిన డీలర్‌దో, మానేసిన అకౌంటెంట్‌దో అయి ఉంటుంది. ఈ వ్యాసం చదివి ఒక్క పని చేయదలిస్తే, ఆ మెయిల్ ఎవరిదో ఈరోజే కనుక్కోండి. కంప్యూటర్ ఇప్పట్లో మార్చకపోయినా సరే.

మీ బిల్లు నమూనా కోసం ఎవరైనా టీడీఎల్ (ట్యాలీని మార్చుకోవడానికి రాసే చిన్న ప్రోగ్రామ్) రాసిచ్చి ఉంటే ఆ ఫైలు కంపెనీ బ్యాకప్‌లో రాదు, విడిగా కాపీ చేసుకోవాలి. అది మీ లైసెన్స్ సీరియల్ నంబరుకి కట్టినదైతే అదే నంబరు మీద యాక్టివేట్ చేయాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్‌ని కూడా అప్పుడే ఎక్కించేయండి.

ఎప్పుడు మార్చాలంటే, నెలనెలా రిటర్నులు వేసే షాపు 20వ తేదీ దాటాక మొదలుపెట్టడం మంచిది. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క) ఉంటాయి కాబట్టి ఆ మధ్యలో కదిలిస్తే సీఏ గారికీ మీకూ నిద్ర ఉండదు. మూడు నెలలకోసారి వేసేవాళ్లకి తెలుగు రాష్ట్రాల్లో 3బీ గడువు 22, ఆ తర్వాత చూసుకోవచ్చు.

సరెండర్‌కి ముందే పాతదాంట్లో ట్రయల్ బ్యాలెన్స్, స్టాక్ సమ్మరీ, రావలసిన బాకీల జాబితా పీడీఎఫ్‌లుగా తీసి పెట్టుకోండి. రిస్టోర్ అయ్యాక కొత్తదాంట్లో అవే తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఆఖరి బిల్లు నంబరుతో సహా. ఈ సంవత్సరం ఒక్కటే కాదు, విడగొట్టిన పాత సంవత్సరాల కంపెనీలనూ తెరిచి చూడాలి. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు ఉంచాలి. నోటీసు వచ్చేది సాధారణంగా మనం మర్చిపోయిన ఏడాదికే.

పాత కంప్యూటర్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి వెయ్యో రెండు వేలో తగ్గించుకోవాలని తొందర పడకండి. కొత్తదాంట్లోంచి ఒక నెల రిటర్నులు వేసి, అవి పోర్టల్‌లో సరిపోయాయని సీఏ గారు చెప్పాక డిస్క్ తుడిపించి ఇచ్చేయవచ్చు.