కారు నల్ల ప్లాస్టిక్ భాగాలను విప్పి మళ్లీ నలుపు చేయడం: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అంచనా

కారు బయట ఉండే నల్ల ప్లాస్టిక్ భాగాలు వెలిసి బూడిద రంగుకు తిరిగినప్పుడు వాటికి పూయడానికి మార్కెట్లో దొరికే మూడు రకాలనూ, అంటే సిలికాన్ పాలిష్‌ను, రంగు కలిసిన ట్రిమ్ రిస్టోరర్‌ను (వెలిసిన ప్లాస్టిక్‌కు మళ్లీ నలుపు తెచ్చే ద్రవం), గట్టి పొరలా ఆరే సిరామిక్ కోటింగును, అమలాపురం, రాజోలు, నరసాపురం దారుల్లో ఏడాది పొడవునా తిరిగే మా కారు మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను. మా ప్రాంతపు ఎండకూ ఉప్పుగాలికీ రంగు కలిసిన రిస్టోరరే సరిపోతుందని నా అభిప్రాయం. అయితే ఆ ఫలితంలో సగం సీసాలోని ద్రవానిది కాదు, ప్లాస్టిక్‌ను విప్పి వెనకా ముందూ శుభ్రంగా కడగడానిది.

వీల్ ఆర్చుల మీద, అంటే చక్రాల పైన వంపుగా ఉండే అంచుల మీద, బంపర్ల కింద, వైపర్ల దగ్గర ఉండే ఆ నల్ల భాగాలు సాధారణంగా పాలిప్రొపిలీన్‌తో, అందులో కొంత రబ్బరూ టాల్కూ కలిపి తయారవుతాయి. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ ఎండకు అంత సులువుగా పోదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాడయ్యేది పైపొరలోని ప్లాస్టిక్. అది కంటికి కనిపించనంత సన్నగా పగిలి, పొడిబారి, మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. అద్దాన్ని నూరితే తెల్లటి పొడిగా కనిపించినట్టే, నల్ల ప్లాస్టిక్ కూడా పైన బూడిద రంగుగా కనిపిస్తుంది. నీళ్లు పోయగానే నల్లబడి, ఆరగానే మళ్లీ తెల్లబడటానికి కారణం ఇదే: పగుళ్లలోకి నీరు చేరినంతసేపూ వెలుగు చెదరదు. సిలికాన్ పాలిష్ చేసేదీ ఈ పనే, కాకపోతే నీటికి బదులు నూనె.

డెల్టాలో మరో చిక్కు ఉంది. వేసవిలో కాలువలు కట్టేసిన తర్వాత చాలా ఊళ్లలో కారు కడగడానికి బోరు నీళ్లే దిక్కు. తీరానికి దగ్గరగా ఉన్నచోట ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి, ఆరిన చుక్కలన్నీ గరుకు ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చలుగా నిలిచిపోతాయి. వాటిని చూసి ప్లాస్టిక్ వెలిసిపోయిందనుకుని రిస్టోరర్ కొనేవారున్నారు. వినిగర్‌లో నీళ్లు కలిపి ఒక మూల మెత్తటి బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరనిచ్చి చూడండి. మచ్చ కరిగి నలుపు తేలితే అది ఉప్పే, దానికి మందు అవసరం లేదు. ఆరాక కూడా బూడిద రంగే ఉంటే అప్పుడు మిగతా పని ఆలోచించవచ్చు.

విప్పడం విషయంలో నేను రెండు భాగాలకే ఓటు వేస్తాను. మొదటిది ముందు అద్దం అడుగున, వైపర్ల కింద ఉండే ప్యానెల్. దాని కింద ఎండుటాకులు, రాలిన కొబ్బరి పూత, దుమ్ము చేరి నీరు దిగే రంధ్రాలు మూసుకుపోతాయి. వానాకాలంలో ఆ నీరు గాలి లోపలికి వెళ్లే దారి గుండా కారులోకి దిగే ప్రమాదం ఉంది కాబట్టి, నలుపు సంగతి ఎలా ఉన్నా దీన్ని విప్పి శుభ్రం చేయడం మేలు. వైపర్లు ఆగి ఉన్న చోటును ముందుగా అద్దం మీద మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోవాలి. నట్టు మీది మూత తీసి, నట్టు విప్పి, వైపర్ చేయి పట్టేసి ఉంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగి, అటూ ఇటూ మెల్లగా కదిలిస్తే ఊడివస్తుంది. స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి ఎత్తే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకూడదు. వైపర్ చేయి స్ప్రింగు బలంతో జారి అద్దానికి కొట్టుకోకుండా మందపాటి గుడ్డ మడిచి పరచడం కూడా అవసరమే.

రెండవది వీల్ ఆర్చ్ మీది ప్లాస్టిక్. చేల గట్ల మీదా, రొయ్యల చెరువుల దారుల్లోనూ తిరిగే కార్లకు దీని వెనుక ఉప్పు కలిసిన బురద అంగుళం మందాన పేరుకుంటుంది, ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరదు. ఇనుప రేకు అంచు అక్కడే తుప్పు పట్టడం మొదలవుతుంది. మా కారుకు విప్పినప్పుడు కనబడిన తుప్పు ఇంకా పైపైనే ఉంది కాబట్టి, గీకి, తుప్పును అడ్డుకునే ఎపాక్సీ ప్రైమర్ వేయడంతో ఆగింది. నలుపు కోసం మొదలుపెట్టిన పనిలో నాకు అన్నింటికంటే విలువైన లాభం ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను. క్లిప్పులలో నడిమి పిన్నును ముందు పైకి లాగి, తర్వాతే మొత్తం క్లిప్పును తీయాలి. పాతవి పెళుసెక్కి విరగడం సహజం కనుక, స్పేర్ పార్ట్స్ దుకాణంలో అదే కొలతవి ముందుగా కొని దగ్గర పెట్టుకోవాలి. లోహపు పనిముట్టు పెయింటును గీరుతుంది, ప్లాస్టిక్ పనిముట్లే వాడాలి. తలుపుల మీద టేపుతో అంటించి ఉండే పట్టీలను మాత్రం విప్పవద్దు. వాటిని తీశాక టేపు జిగురు వదిలించి, కొత్త టేపుతో మళ్లీ సూటిగా అంటించడం ఆ శ్రమకు తగిన పని కాదు. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి అక్కడే పూయవచ్చు.

పూసే ముందు షాంపూతో కడిగి, సందుల్లోని పాత మైనం తెల్లదనాన్ని బ్రష్షుతో వదిలించి, పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఏ పాలిష్ జిడ్డు మిగిలినా రిస్టోరర్ పట్టదు. స్పాంజి ముక్క మీద కొద్దిచుక్కలే తీసుకుని పలచగా రుద్ది, మిగిలినదాన్ని పొడి గుడ్డతో తీసేయాలి. మందంగా వేస్తే చారలు పడతాయి. రోహిణి కార్తె ఎండలో కాలుతున్న ప్లాస్టిక్ మీదా, ముసురు పట్టిన రోజుల్లోనూ ఈ పని వద్దు. సంక్రాంతి దాటాక, పొగమంచు విడిచిన పూట నీడలో చేసుకుంటే బాగుంటుంది.

ఇక మన్నిక. సిలికాన్ పాలిష్ మొదటి రోజు అందరికంటే అందంగా మెరిసింది, కానీ రెండు మూడు గట్టి వానలకే పోయింది. ఉన్నన్నాళ్లూ దాళ్వా నూర్పిళ్ల దుమ్మంతా దానికే అంటుకుంది. సిరామిక్ కోటింగు వైపర్ల దగ్గరి ప్యానెల్ మీద చాలాకాలం నిలిచింది, కానీ ధర ఎక్కువ, పోవడం మొదలయ్యాక మచ్చలు మచ్చలుగా పోతుంది. రంగు కలిసిన రిస్టోరర్ ఆ ప్యానెల్ మీదా రూఫ్ రెయిల్స్ మీదా ఒక వానాకాలాన్ని నిక్షేపంగా దాటి, రెండోదానికి నెమ్మదిగా పలచబడింది. వెనుక వీల్ ఆర్చుల మీద మాత్రం కంకరా బురదా రాసుకోవడం వల్ల అంతకంటే ముందే పోయింది, అక్కడ మధ్యలో మరో పూత తప్పదు. హీట్ గన్‌తో కాల్చే పద్ధతిని నేను సిఫార్సు చేయను. పైపొర కరిగి నలుపు తేలడం నిజమే గానీ, ఎండను తట్టుకోవడానికి ప్లాస్టిక్‌లో కలిపిన పదార్థం అప్పటికే ఖర్చయి ఉంటుంది. అందుకే కొన్ని నెలల్లో మళ్లీ తెల్లబడుతుంది, పైగా గరుకుదనం పోయి అక్కడక్కడా నున్నటి మచ్చలు మిగులుతాయి.

రిస్టోరర్ వేశాక కారును వాటర్ సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, చివరలో టైర్లకు కొట్టే పాలిష్‌ను ఈ ప్లాస్టిక్ మీద కొట్టవద్దని అక్కడి కుర్రాళ్లకు ముందే చెప్పాలి. వాళ్లు అభిమానంతోనే కొడతారు గానీ, ఆ నూనె దిగిన చోట తర్వాతి పూత వేయాలంటే ఆల్కహాల్‌తో తుడిచే పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.