ముఖచిత్రానికి ఏది మేలు: వార్తాఫొటోనా, వేషం కట్టించిన ఫొటోనా?

రాజకీయం మాట్లాడే ముఖచిత్రం కావాలంటే జరిగింది జరిగినట్టు తీసిన ఫొటో వేయాలా, స్టూడియోలో వేషం కట్టించి తీసింది వేయాలా? ఫొటో నిజం చెప్పాలి కదా అని చాలామంది మొదటిదాని వైపే మొగ్గుతారు. నా ఓటు రెండోదానికి.

అమెరికా పత్రిక ఎస్క్వైర్ 1968 ఏప్రిల్ సంచిక చూడండి. తెల్లటి నేపథ్యంలో తెల్ల నిక్కరుతో బాక్సర్ మహమ్మద్ అలీ, చేతులు వెనక్కి, ఒంట్లో ఆరు బాణాలు, నెత్తురు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు అంతకుముందు ఏడాదే అతని టైటిల్ లాగేసుకున్నారు. మతం కోసం బాణాల దెబ్బలు తిన్న క్రైస్తవ సెయింట్ సెబాస్టియన్ పాత చిత్రాల్లో నిలబడ్డ తీరునే ఆర్ట్ డైరెక్టర్ జార్జ్ లోయిస్ అలీకి పెట్టించాడు. ఫొటో తీసింది కార్ల్ ఫిషర్. ముస్లింని, ఈ వేషం ఎలా వేస్తానని అలీ మొదట తటపటాయించాడు. తన మతగురువు ఎలైజా మహమ్మద్‌ని ఫోన్లో అడిగాకే ఒప్పుకున్నాడు. అంతా నాటకమే. కానీ చూసేవాళ్లలో ఒక్కరికైనా అవి నిజం బాణాలన్న భ్రమ కలగదు. అందుకే అందులో మోసం లేదు.

1994 జూన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మాజీ భార్య హత్య కేసులో అరెస్టయినప్పుడు టైమ్, న్యూస్‌వీక్ ఒకే వారం ఒకే పోలీసు ఫొటో వేశాయి. న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది. టైమ్‌లో మనిషి మొహం బాగా నల్లబడింది. తీర్పు రాకముందే దోషిని చేశారని, అదీ నల్లజాతివాడు కాబట్టే చేశారని పెద్ద గొడవైంది. పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఆ మార్పు తెలీదు. చిక్కంతా అక్కడే.

అయితే ముట్టుకోని ఫొటో కూడా పూర్తిగా అమాయకం కాదు. 2010 ఆగస్టు టైమ్ ముఖచిత్రం మీద ముక్కు కోసేసిన అఫ్గాన్ యువతి ఆయిషా ఉంది. జోడీ బీబర్ తీసిన ఆ ఫొటోకి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. పక్కన శీర్షిక: మనం అఫ్గానిస్తాన్ వదిలేస్తే ఏమవుతుందో. ఆ అమ్మాయికి ఆ ఘోరం జరిగింది అమెరికా సైన్యం అక్కడున్నప్పుడే! ఫొటో నిజమే, వాదన మాత్రం శీర్షికది.

మన వారపత్రికల్లో బాపు బొమ్మో, వడ్డాది పాపయ్య చిత్రమో, లేకపోతే హీరోయిన్ మొహమో ఉండేది. చురక వేయడానికి కార్టూన్ ఉండనే ఉంది.

హైదరాబాద్‌లో మూసీ నది కాలుష్యం గురించి చిన్న పత్రిక తెస్తున్న కుర్రాళ్లు ఈమధ్య నా దగ్గరికొచ్చారు. నురగ ఫొటో బాగానే ఉంది. "అన్నా, ఫొటోషాప్‌లో ఇంకొంచెం పెంచుదామా?" అన్నాడు ఒకడు. వద్దన్నాను. ఉన్న నురగే చాలు. ఎక్కడ, ఏ నెలలో తీశారో కవరు మీదే వేయండి. అతిశయోక్తి కావాలంటే దాచకుండా చేయండి: ఒడ్డున బల్ల వేసి, ఇస్త్రీ ఖద్దరు చొక్కాలో ఒకణ్ణి కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు, చేతిలో ఇరానీ చాయ్. ఐడియా అందరికీ నచ్చింది. ఆ వాసనలో చొక్కా వేసుకుని కూర్చునేదెవరన్నది మాత్రం ఇంకా తేలలేదు.