జాబితాలో పేరున్నంత మాత్రాన విండోస్ లేవదు

ఇంటర్నెట్ ద్వారా వర్చువల్ మెషిన్లు (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు) అద్దెకిచ్చే ఈ క్లౌడ్ సేవను తెగ మెచ్చుకుని నలుగురికీ చెప్పినవాణ్ణి నేను. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల మెషిన్లు అడిగిన నిమిషంలో లేచేవి. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను గానీ, అది కొత్త లినక్సులకే పరిమితం.

నా కోపమంతా వాళ్లు గొప్పగా చూపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ల జాబితా మీద. అందులో విండోస్ సర్వర్ 2008 ఆర్2 ఉంది. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప నడవదు. చేసిచ్చినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది కాబట్టి దానికి ఇంటర్నెట్ తగలనివ్వం.

పాత సర్వర్ డిస్కును ఇమేజిగా (డిస్కు మొత్తానికి నకలు ఫైలుగా) తీసి ఈ క్లౌడ్‌లోకి ఎక్కించాం. విండోస్ బొమ్మ ఇలా కనబడి అలా నీలి తెర వచ్చింది, కింద 7బి కోడ్. అంటే విండోస్ ఏ డిస్కు నుంచి లేవాలో ఆ బూట్ డిస్కు దానికి కనబడటం లేదు. ఈ వేదిక వర్చువల్ మెషిన్లను నడిపే కేవీఎం అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, డిస్కును వర్టియో అనే వర్చువల్ పరికరంగా చూపిస్తుంది. లినక్స్ కెర్నెల్‌లో, అంటే దాని మూలభాగంలో, వర్టియోను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ ముందే ఉంటుంది, విండోస్‌కు మనమే పెట్టాలి. పెట్టాలంటే ముందు విండోస్ లేవాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు! సహాయ విభాగాన్ని అడిగితే డ్రైవర్ల బాధ్యత వినియోగదారుడిదేనట. మరి జాబితా ఎందుకు?

చివరికి గట్టెక్కించింది సెట్టింగులలో ఎక్కడో అడుగున ఉన్న ఒక మీట. బూట్ డిస్కును విండోస్‌కు ముందే తెలిసిన పాత డిస్కు పద్ధతి ఐడీఈకి మార్చి, పక్కన 1 జీబీ ఖాళీ డిస్కును వర్టియోగా తగిలించాం. విండోస్ లేచింది, కొత్త పరికరానికి డ్రైవర్ అడిగింది. కొత్త డ్రైవర్లు అసలైనవేనని చూపే షా-2 అనే డిజిటల్ సంతకాన్ని అప్‌డేట్లు లేని 2008 ఆర్2 ఒప్పుకోదు. పాత వెర్షన్ వెతికి పెట్టాం. తర్వాత ఖాళీ డిస్కు తీసేసి, బూట్ డిస్కునూ వర్టియోకి మార్చాం. ఈసారి నీలి తెర రాలేదు, ఐడీఈ మీద పడ్డ నత్తనడకా పోయింది. ఈ వీలు కల్పించిన ఇంజినీరుకు దండం పెట్టాలి. దాన్ని అంత లోతున దాచినవాళ్లకు మాత్రం కాదు.

ఇంకో తిప్పలు గడియారం. మెషిన్ గడియారంలో స్థానిక సమయం ఉంటుందని విండోస్ నమ్ముతుంది, వీళ్లు యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తారు. ఉదయం పదింటి బిల్లు మీద నాలుగున్నర పడింది. ఇమేజి ఎక్కించేటప్పుడు విండోస్ అని ఎంచుకున్నా ఇదే తీరు. ఫిర్యాదు చేశాక మార్చారు.

బిల్లింగ్ మారేదాకా మేం ఇక్కడే ఉంటాం. వాళ్లిచ్చే సిద్ధ ఇమేజిలు చాలనుకునేవారికి ఈ గొడవే ఉండదు. సొంత పాత డిస్కు తెచ్చుకునేవారు మాత్రం డబ్బు కట్టకముందే ఐడీఈకి మార్చే వీలుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మా ఆఫీసులో డ్రైవర్లతో కుస్తీ పట్టే కుర్రాడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది.